మస్తాన్ తాత మొదటి రేకు

గుంటూరు నుంచి మాచర్ల పాసింజరు పొద్దున ఆరింటికి. మీటరుగేజి బండి, కిటికీ పక్క సీటు దొరికితే నిద్రకీ మెలకువకీ మధ్య ఊగుతూ పోవచ్చు. నేనూ ఊగుతూనే పోయాను గానీ లోపల దిగులే. మర్నాడు కలకత్తా మెయిలెక్కాలి. ఏడాది ఎదురుచూస్తే, కణాల్ని వేగంగా తోసే అక్కడి యాక్సిలరేటర్ మీద మాకు రెండు రోజులిచ్చారు. ప్రయోగానికి కావలసిన పలచటి బంగారు రేకు చేసే మా ల్యాబు యంత్రం సరిగ్గా ఇప్పుడే మూలపడింది. మాచర్లలో మందుల కోసం బంగారాన్ని వరఖుగా, అంటే ఊదితే ఎగిరే రేకుగా కొట్టే మస్తాన్ తాత ఉన్నాడని మా మెకానిక్ చెబితే, ఆశ చావక బయల్దేరాను.

పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల తెల్లదుమ్ములో ఊరంతా కలలా కనిపించింది. ఎదుటి సీటులో పెద్దావిడ ఆరా తీసింది.

"మాచర్లలో చుట్టాలున్నారా అమ్మా?"

"లేరండీ. చదువు పని మీద, బంగారు రేకు కోసం."

"చదువుక్కూడా బంగారం పెట్టాలా! కాలం చానా పాడైంది."

పదకొండున్నరకి దిగి, స్టేషను దగ్గర ఇడ్లీ తిని, అడుగుతూ వెళ్లాను. తాత గదిలో ఫ్యాను లేదు, కిటికీ అద్దాలు మూసే ఉన్నాయి. పొరల మధ్య బంగారం పెట్టిన తోలు కట్ట మీద సుత్తి మెత్తగా పడుతోంది.

"ఊపిరి మెల్లగా తియ్యి బిడ్డా, ఎగిరిపోద్ది. ఏం జేస్తారు దీంతో?"

"దీని మీద కాల్షియం పూస్తాం తాతా. ఆ అణువు నడిమి గింజని ఒక ఇల్లనుకో. న్యూట్రాన్లు మామూలుకంటే ఎక్కువున్న ఇల్లు. ప్రోటాను, న్యూట్రాను జంటగా వచ్చి తాకుతాయి. న్యూట్రాను అక్కడే దిగిపోతుంది, ప్రోటాను బయటికొస్తుంది. అది ఏ పక్కకి, ఎంత వేగంగా పోయిందో చూసి, రెండోది ఏ గదిలో దిగిందో చెబుతాం. రేకు మందమైతే ప్రోటాను దారిలోనే అలిసిపోతుంది, చిల్లుంటే లెక్కే తప్పుతుంది."

"అంటే తలుపు తియ్యకుండానే ఇల్లంతా చూసొస్తారు."

మా ప్రొఫెసరుకి కూడా ఇంత పొట్టిగా చెప్పడం రాదు.

కట్ట విప్పి, ఒక రేకు కిటికీకి ఎత్తి పట్టాడు. అంత పలచని బంగారంలోంచి ఎండ ఆకుపచ్చగా దిగింది. ఒక్క చిల్లు లేదు. అలా చూస్తూ ఎంతసేపున్నానో తెలియదు.

"నోరు తెరువమ్మా," అన్నాడు. తెరిచాను. రేకు నాలుక మీద పెట్టేశాడు!

"మొదటి రేకు దూరాన్నించి వచ్చినోళ్లకి. మా తాతల కాడ్నించీ అంతే."

మిగతా రేకులన్నిటికీ సూదిమొన చిల్లులే. నాకు ఏడుపొకటే తక్కువ.

"నాకు కావలసింది అదే తాతా! చిల్లుది పెట్టకూడదా?"

"చిల్లుది పెడితే మరియాద ఎట్టవుద్ది?" అని, సగం కొట్టిన ఇంకో కట్ట ముందుకు లాక్కున్నాడు.

నేను తిరిగెక్కాల్సిన రెండింటి బండి కూత వేసి వెళ్లిపోయింది. సుత్తి ఆగలేదు. నాలుగింటికి కుడి భుజం వణుకుతుండగా ఒక రేకు ఎత్తి చూపాడు. నిండుగా ఆకుపచ్చ. పాత నోటుబుక్కు కాగితాల మధ్య దాన్ని పెట్టి, "బస్సులో కిటికీ మూసుకో," అన్నాడు.

నాలుగున్నర గుంటూరు బస్సులో చెమట కారుతున్నా కిటికీ తియ్యలేదు. నా తరవాత మాచర్ల వెళ్లేవాళ్లకి ఒకటే మాట: ఆయన నోరు తెరవమంటే తెరవండి. ఒళ్లో ఉన్నది రెండో రేకు. మొదటిది నాలో ఎక్కడో దిగింది. ఏ గదిలో దిగిందో, వణికే ఆ భుజం తలచుకోగానే తెలిసిపోయింది.

"ఏందమ్మా, ఏడుస్తున్నావా?" అంది పక్కనామె.

"లేదండీ," అన్నాను. "కడుపు నిండింది."