ప్రాపర్ ఛానల్

బస్సు ఇంకా ఆగకముందే ఫిర్దౌస్ మేడమ్ మెట్టు మీదికి దిగిపోయింది. "అమ్మా, ఆగండమ్మా! యూనివర్సిటీ ఎక్కడికీ పారిపోదు" అని కండక్టరు కసురుకున్నాడు. యూనివర్సిటీ పారిపోదు, నిజమే. కానీ మధ్యాహ్నం కూర్చునే పరిశోధన కమిటీ సాయంత్రానికి లేచిపోతుంది. మళ్ళీ కూర్చునేలోపు పరిశోధనలకు డబ్బిచ్చే ఢిల్లీవాళ్ళు పెట్టిన గడువు కాస్తా ముగిసిపోతుంది. పోనీ వచ్చే ఏడాది చూద్దామా అంటే, ఆ పథకానికి ఆవిడ వయసు దాటిపోతుంది. మరి కంగారు పడదూ!

బెజవాడలో ఓ ఆడపిల్లల కాలేజీలో ఆవిడ మైక్రోబయాలజీ చెబుతుంది. డాక్టరేట్ వచ్చింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇక ఆ తరవాత ఏళ్ళ తరబడి రికార్డులు దిద్దడమే పరిశోధన. భర్త ఇష్తియాక్‌కు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు. ఒకరోజు ఆయనకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, షాపు వెనకాల పారే ఛానల్ వైపు చూసింది. పాత ఇంజనాయిలు తెట్టె కట్టి నల్లగా నిలబడి ఉంది. ఒక్క మూల మాత్రం తెట్టె పల్చబడి, కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. ఎందుకలా? ఖాళీ అయిన క్యారేజీ గిన్నెలోనే ఆ నీళ్ళు పట్టుకుని ల్యాబుకు పరిగెత్తింది. నూనెను తిని బతికే సూక్ష్మజీవి ఉంది అందులో! అంతే, మనిషి మనిషిలో లేదు. ఇంట్లో ఫ్రిజ్ నిండా సీసాలు చేరాయి. అత్తగారైతే పెరుగు గిన్నె తీసి వంటగది గట్టు మీద పెట్టుకుంది.

ఆ పురుగు సంగతి తేల్చాలంటే డబ్బు కావాలి. డబ్బు ఢిల్లీ ఇస్తుంది. కానీ యూనివర్సిటీ ముందుగా సరేనని ముద్ర వెయ్యకపోతే ఢిల్లీవాళ్ళు కవరు కూడా విప్పరు. అర్జీ పైన, పైఅధికారుల ద్వారా వస్తోందని తెలిసేలా, 'త్రూ ప్రాపర్ ఛానల్' అని రాసి పంపమన్నారు, రాసింది. దాని కిందే విషయం: 'ఆటోనగర్ ఛానల్ నీటిలో నూనెను తినే సూక్ష్మజీవులు'. పంపినప్పటి నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందుకే ఇవాళ తనే బస్సెక్కి వచ్చింది.

"మీ ఫైలు మాకు రానే లేదండీ" అన్నాడు డీన్ ఆఫీసు గుమాస్తా. ఆవిడ పరుగున తపాలా సెక్షన్‌కు వెళ్ళి అడిగితే అక్కడి అమ్మాయి తాపీగా చెప్పింది: "ఇంజనీరింగ్ సెక్షన్‌కి పంపామండీ. రెండు చోట్ల ఛానల్ అని ఉంది కదండీ మరి!"

ఇంజనీరింగ్ సెక్షన్ సూపరింటెండెంటు రామకోటేశ్వరరావు గారిది పామర్రు దగ్గర వ్యవసాయ కుటుంబం. ఛానల్ అంటే ఆయనకు పొలానికి నీళ్ళొచ్చేదే. ఫైలు తీసి చూపించాడు. 'సదరు ఛానల్ మన పరిధిలో లేదు. ఇరిగేషన్ వారిని సంప్రదించవలెను' అని నోటు రాసి సంతకం కూడా పెట్టేశాడు మహానుభావుడు!

"అయ్యో, ఇది నీళ్ళ ఛానల్ కాదండీ! అంటే కింద రాసింది నీళ్ళదే, కానీ పైన రాసింది కాదు!" అంది ఫిర్దౌస్. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

విషయం అర్థమయ్యేసరికి ఆయన నాలుక్కరుచుకున్నాడు. "ఎంత పని చేశానమ్మా! మా నోటు ఉండగా కమిటీవాళ్ళు ముట్టుకోరు, ఉండండి" అంటూ దాని కిందే గబగబా ఇంకో నోటు రాసి, ఫైలు చంకన పెట్టుకుని ఆవిడతో పాటు తనూ పరుగు తీశాడు.

కమిటీ లేవబోతోంది. డీన్ ఎలిజబెత్ గారు కళ్ళజోడు సర్దుకుని రెండో నోటు పైకే చదివారు: "'ఇచ్చట ఛానల్ అనగా మార్గము అని గ్రహించడమైనది.'" గది గదంతా ఘొల్లుమంది. రామకోటేశ్వరరావు గుమ్మం బయటి నుంచే దణ్ణం పెట్టి జారుకున్నాడు.

"సరే, నవ్వింది చాలు. ఇప్పుడు ఆ పురుగు సంగతి చెప్పమ్మా" అన్నారు డీన్.

ఫిర్దౌస్ చెప్పింది. కాగితం చూడలేదు, నీళ్ళు తాగలేదు. తెట్టె పల్చబడ్డ మూల దగ్గర మొదలుపెట్టి సీసాల దాకా ఒక్క ఊపున చెప్పుకుపోయింది. "మరి పాఠాలెవరు చెబుతారండీ?" అని అడ్డు తగిలాడో సభ్యుడు.

"నేనేనండీ! పొద్దున పాఠాలు, మధ్యాహ్నం పురుగులు."

డీన్ ఇంకేం అడగలేదు. సంతకం పెట్టి, ముద్ర వేయించి, ఫైలు ఆవిడ చేతికే ఇచ్చారు. ఫిర్దౌస్‌కు కాళ్ళు నేల మీద ఆనలేదు. గేటు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి దూరి షాపుకు ఫోన్ చేసింది.

"ఏమండీ! ఒప్పుకున్నారండీ!"

"మాషా అల్లా! ఎంత ఇస్తారంట?"

"ఇంకా ఇవ్వడం కాదండీ. అడగడానికి ఒప్పుకున్నారు."

"అడగడానికేనా ఇంత సంబరం?" అని నవ్వాడు ఇష్తియాక్.

"అవునండీ. ఇన్నేళ్ళలో నాకోసమని నేను ఎవర్నయినా ఏదయినా అడిగానా చెప్పండి? ఇదే మొదలు."

అవతల రేకుల మీద సుత్తి దెబ్బలు వినిపించాయి.

"అయితే గట్టిగానే అడుగు" అన్నాడు ఇష్తియాక్.