తువ్వాలు కింద బేరం

నేను ఒకసారి పాత మోటారు సైకిల్ కొనడానికి పోయి, దాన్ని నిలువునా పరీక్ష చేసి, లోపాలన్నీ గొంతు చించుకుని చదివి, చివరికి ఆ రోజు కోదాడ మొత్తంలో నా అంత లోపం ఉన్న వస్తువు ఇంకొకటి లేదని తేల్చుకుని వచ్చాను. నవ్వొస్తే నవ్వండి. ఈ సంగతి చెప్పేటప్పుడు నేను కూడా సగం దాకా నవ్వుతాను. ఆ తర్వాత నా వల్ల కాదు.

మాది మిర్యాలగూడ. ధాన్యం దుకాణం, దాని వెనక చిన్న రైసు మిల్లు. కాలువ నీళ్ళు కొత్తగా వచ్చిన రోజులవి. ఎటు చూసినా వరి. మాడుగులపల్లి వైపు కల్లం పడిందని తెలిసి నేను సైకిల్ తొక్కుకుంటూ చేరేసరికి, మోటారు సైకిలున్న పోటీ వ్యాపారి ధాన్యం బేరమాడి, రైతు ఇంట్లో చాయ తాగి, మీసం తుడుచుకుంటూ ఎదురొచ్చేవాడు. "ఏం తమ్మీ, గాలి మంచిగొస్తున్నదని తిరుగుతున్నవా?" అని పలకరించేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎట్లాగైనా మోటారు సైకిల్ కొని, ఆయన మీసం మీద దుమ్ము లేపాలని పట్టుదల పట్టాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. సూర్యాపేటలో మా మేనమామ దుకాణంలో రెండేళ్ళు పని నేర్చుకుని వచ్చాను కాబట్టి, లోకంలో నాకు తెలియనిది లేదు. మా మామ నాకు మూడు సంగతులు నూరిపోశాడు. ఒకటి, సరుకును మెచ్చుకోవద్దు. "బంగారం తెచ్చి సూపెట్టినా, గింత పచ్చగున్నదేంది అనాలె," అనేవాడు. రెండు, అమ్మేవాడి కథ వినొద్దు. "కథ ఇన్నవంటే కరుగుతవ్. నువ్వు కరిగితే ధర గడ్డకడతది," అనేవాడు. మూడోది తువ్వాలు బేరం. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే తువ్వాలు కింద చేతులు పెడతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. ఒప్పుకుంటే వేళ్ళు బిగిస్తారు, లేదంటే విదిలిస్తారు. పక్కన నిలబడ్డవాడికి ముక్క తెలియదు. ఇందులో నాకు నేనే సాటి అనుకునేవాణ్ణి.

కోదాడ నుంచి మా దుకాణానికి ధాన్యం బండి తోలుకొచ్చే లింగయ్య ఒకరోజు కబురు చెప్పాడు.

"కోదాడల పశువుల కాంపౌండర్ మోటర్ సైకిల్ అమ్ముతున్నడు సావుకారీ. పాపం, ఆయనకు..."

"కథొద్దు. బండి నడుస్తదా?"

"బండి నడుస్తది గని, ఆయన..."

"బండి నడుస్తది కద. సాలు, ఇగ పో."

చూశారా, మామ చెప్పిన రెండో సంగతి ఎంత బాగా వంటబట్టిందో! ఆ రోజు లింగయ్య నోరు మూయించినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున్నే మా మిల్లు ఇంజను నడిపే యాదగిరిని వెంటబెట్టుకుని కోదాడ బస్సెక్కాను. యాదగిరి నాకన్నా ముప్పై ఏళ్ళు పెద్ద. ఇంజను చప్పుడు విని దాని రోగం చెప్పగలడు. దారి పొడుగునా ఆయనకు నేను పాఠం చెప్పాను, ఏమీ మెచ్చుకోవద్దని.

కాంపౌండర్ గారి ఇంటి వాకిట్లో బండి నిలబెట్టి ఉంది. తుడిచి తుడిచి అద్దంలా పెట్టారు. అరుగు మీద కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, ఒళ్ళో కుడిచెయ్యి, ఆ చేతి మీద తెల్ల తువ్వాలు. ఇంట్లో ఇంకెవరూ ఉన్నట్టు లేదు. నేను నమస్కారం పెడితే తల ఊపాడు. మూతి ఒక పక్కకు నవ్వింది, రెండో పక్క నవ్వలేదు. 'పిల్ల సావుకారివి, నువ్వేం కొంటావులే' అని వెక్కిరిస్తున్నాడనుకున్నాను. సరే, నీ సంగతి చూస్తానని పంచె ఎగ్గట్టాను.

ఇగ పరీక్ష మొదలైంది. ధాన్యం బస్తాలో పైన మంచి గింజ పోసి అడుగున తాలు నింపుతారని మాకు తెలుసు కాబట్టి, ముందు నేల మీద పడుకుని బండి అడుగు చూశాను. తర్వాత టైర్లు గిచ్చాను. గొలుసు లాగాను. పెట్రోలు మూత తీసి వాసన చూశాను. నాలుకకు కూడా రాసుకునేవాణ్ణే గానీ, యాదగిరి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"టైరు అరిగింది! సీటు గట్టిగున్నది! హారన్ గొంతు బొంగురువోయింది!" అని అరుగు దాకా వినబడేట్టు అరిచాను.

"బండి మంచిగనే ఉన్నది సావుకారీ," అన్నాడు యాదగిరి.

"ష్! మెచ్చుకోకు!"

అప్పుడు ఇంజను మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది! నాకు పండగైంది. చల్లటి ఇంజను మొరాయిస్తుందని తెలిసినవాళ్ళు, కొనేవాడు వచ్చే ముందే ఒకసారి నడిపించి వేడి చేసి పెడతారు. ఈ మోసం నాకు తెలుసునని వాళ్ళకేం తెలుసు? నడుం మీద చేతులు పెట్టుకుని అరుగు ఎదుట నిలబడ్డాను.

"ఏంది కాంపౌండర్ సాబ్? మేమొచ్చేదాంక ఆగకపోతివి? పొద్దుగాల్నే ఇంజన్ వేడి జేసి పెట్టినవ్?"

ఆయన నోరు తెరిచాడు. ఏదో చప్పుడు వచ్చింది గానీ మాట రాలేదు. ఎడమ కంట్లో నీళ్ళు నిండాయి.

"దొరికినంక మాటలెట్లొస్తయి?" అన్నాను నేను.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది. కానీ అన్నాను. అన్నది రాయకపోతే ఈ జ్ఞాపకం రాసి లాభం లేదు.

ఇగ బేరమే మిగిలింది. ఆయన చేతి మీద తువ్వాలు సిద్ధంగానే ఉంది. ఓహో, పాత కాలపు మనిషి, తువ్వాలు బేరానికే కాచుక్కూర్చున్నాడు అని సంబరపడి పక్కన కూలబడ్డాను. "వేలుకు రెండు నూర్లు," అని చెప్పి తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చాను. రెండు వేళ్ళు పట్టుకున్నాను. ఆయన బిగించలేదు, విదిలించలేదు. మూడు పట్టుకున్నాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంత గట్టిపిండం నాకు సూర్యాపేటలో కూడా తగల్లేదు. నాలుగు పట్టుకున్నాను. చెమటలు పట్టాయి. ఐదు వేళ్ళూ పట్టుకుని పిసికాను. నా పాట మీద నేనే పాట పెంచుకుంటూ పోతున్నానన్న సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు.

"సావుకారీ, జర ఆగు," అన్నాడు యాదగిరి. ఆయన ముఖం మాడిపోయింది. "ఆ చెయ్యి సూడు. ఒకసారి సూడు."

అంతలో కాంపౌండర్ గారి భార్య నీళ్ళ బిందెతో వాకిట్లోకి వచ్చింది.

"ఏం చేస్తున్నారు బాబూ?"

"బేరమమ్మా. మీ ఆయన ఐదు వేళ్ళకు గూడ కదుల్తలేడు!"

ఆమె బిందె దించింది. "ఆ చేతికి ఏం తెలవదు బాబూ. చెయ్యీ కాలూ పడిపోయి ఏడు నెలలైంది. మాట కూడా పోయింది. మీకు లింగయ్య చెప్పలేదా?"

నేను తువ్వాలు కింది చేతి వైపు చూశాను.

"మరి... ఇంజన్..." అన్నాను. మూర్ఖుడికి నోరు ఆ మాత్రం కూడా ఆగదు.

"నేనే కొట్టా కిక్కు. రోజూ పొద్దున కొడతా. అది వినందే ఆయన నోట్లో ముద్ద పెట్టుకోడు. ఇరవై ఏళ్ళు ఊళ్ళమ్మట తిరిగాడుగా దాని మీద. మోతె ఊరి కాడికెళ్తే బండి చప్పుడు వినగానే గేదెను బయటికి తోలుకొచ్చేవాళ్ళంట." ఆమె కొంగుతో బండి సీటు తుడుస్తూ అంది. "ఒక్కదాన్నే లేపి కూర్చోబెట్టలేకపోతున్నా. మా అన్న మఠంపల్లి వచ్చెయ్యమన్నాడు. రెండు గదుల ఇల్లు వాళ్ళది. బండికి చోటు లేదు. ఇష్టంగా అమ్మట్లేదు బాబూ."

నా చెయ్యి ఇంకా ఆయన వేళ్ళను పట్టుకునే ఉంది. ఎట్లా తీయాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అది ఉత్త మాట కాదని ఆ రోజు తెలిసింది.

ఆయనే నన్ను గట్టెక్కించాడు. ఎడమచేత్తో నా చెయ్యి బయటికి లాగాడు. తువ్వాలు తీసి నా చేతి మీదా తన ఎడమచేతి మీదా కప్పాడు. నా వేళ్ళు మూడు పట్టుకుని గట్టిగా బిగించాడు.

"అయ్యా, నేను ఐదు అన్న," అన్నాను.

తల అడ్డంగా ఊపి మళ్ళీ మూడే బిగించాడు. మూతి ఒక పక్కకు నవ్వింది.

"ఆయనకు మొదట్నుంచీ బేరం చెయ్యడం రాదు," అంది ఆమె. నేను నవ్వబోయి ఏడ్చాను. మా మామ చూసి ఉంటే నన్ను దుకాణం మెట్లెక్కనిచ్చేవాడు కాదు.

ఇంకా అయిపోలేదు. ఆరు నూర్లు ఆమె చేతిలో పెట్టి, బండి ఎక్కి కిక్కు కొట్టాను. లేవలేదు. మళ్ళీ కొట్టాను. పదోసారి చెప్పు ఎగిరి గోడవతల పడింది. ఆమె కుచ్చిళ్ళు దోపుకుని వచ్చి, నన్ను పక్కకు జరిపి, ఒక్క కిక్కు కొట్టింది. బండి లేచింది. కాంపౌండర్ గారు కళ్ళు మూసుకుని విన్నాడు.

"నెలకోసారి ఆదివారం నాడు మఠంపల్లికొస్తనయ్యా. బండి సప్పుడు ఇనిపిస్త," అన్నాను. ఆయన ఎడమచెయ్యి ఎత్తాడు.

మొదటి నెల వెళ్ళాను. ఆయన ట్యాంకు మీద గేదె వీపు తట్టినట్టు తట్టాడు. రెండో నెల వరికోతలు వచ్చాయి. పోటీ వ్యాపారి కన్నా ముందు కల్లాలకు చేరుతున్నాను, ఆయన మీసం మీద దుమ్ము లేపుతున్నాను. ఇట్లాంటి పెద్ద పని మీద ఉన్నవాడికి ఆదివారాలు ఎక్కడ గుర్తుంటాయి? మూడో నెలా అట్లాగే పోయింది. నాలుగో నెల వెళ్ళి వాకిట్లో బండి ఆపేసరికి ఆమె ఒక్కతే బయటికి వచ్చింది. బొట్టు లేదు.

"ఆదివారమైతే బయట కూర్చోబెట్టమని గొడవ చేసేవాడు," అంది. కోపంగా అనలేదు, అదే నాకు కష్టమైంది. "రోడ్డు మీద ఏ బండి వచ్చినా చెవి పెట్టి వినేవాడు. మనది కాదని తల ఊపేవాడు."

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నేను ఇంకే బండినీ పరీక్ష చేయను. టైరు గిచ్చను, గొలుసు లాగను, పెట్రోలు వాసన చూడను. ముందు వెళ్ళి కుర్చీలో ఉన్న మనిషి పక్కన కూర్చుంటాను. ఆయన కథంతా వింటాను. కరిగితే కరుగుతాను.

ఈ ప్రమాణం సంగతి చెబితే మా మామ, "గిట్లయితే దుకాణం మూస్కో బిడ్డా," అన్నాడు. మూసుకోలేదు. కానీ అప్పట్నుంచి, కోతల కాలమైనా సరే, ఆదివారం మాత్రం తెరవను.