చెయ్యి ఆగని కారు

నా చిన్నప్పుడు జగ్గయ్యపేట మొత్తానికి పైకప్పు లేని కారు ఒక్కటే ఉండేది. అది మా పెదనాన్నది. ఎర్రటి రంగు, నేలని రాసుకుంటూ పోతున్నట్టుండే ఎత్తు, ఇద్దరికి మించి పట్టదు. సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తిరిగి వెళ్ళిపోతూ అమ్ముతుంటే, పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడి కొన్నాడట. ఇనుప సామాన్ల కొట్టు వాడికి స్పోర్ట్స్ కారు కావాల్సొచ్చిందా అని బజారంతా నవ్వితే, మా పెద్దమ్మ మాత్రం కొంగు తలకి గట్టిగా చుట్టుకుని పక్కన కూర్చుని నందిగామ దాకా షికారు వెళ్ళొచ్చేదట. ఇవన్నీ నేను విన్నవే. నేను ఆ ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ పోయింది.

మాది వత్సవాయి పక్కన చిన్న ఊరు. అక్కడ పై తరగతులు లేవని నన్ను తెచ్చి పెదనాన్న ఇంట్లో దించారు. పిల్లలు లేని ఇల్లు. వంటావిడ పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోయేది. పెదనాన్న మంచివాడే కాని మాటల్లో మహా పిసినారి. తిన్నావా, పడుకో, అంతే. ఆదివారం కొట్టు కట్టేసి, కారు తీసి, ఒక్కడే నందిగామ వైపు వెళ్ళొచ్చేవాడు. పక్క సీటు ఖాళీగానే ఉండేది, అయినా నన్ను రమ్మనేవాడు కాదు. కారు మలుపు తిరిగేదాకా నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. నేనంటే ఆయనకి ఇష్టం లేదనుకునేదాన్ని. అంత ఒంటరితనం మళ్ళీ మా ఆయన పోయాకే ఎరుగుదును.

దీనికి తోడు బడిలో వెక్కిరింతలు. నేలబారుగా ఉందని మా కారుని అందరూ 'కాలి చెప్పు' అనేవాళ్ళు. మా క్లాసులో డాక్టరు గారమ్మాయి వాళ్ళకి కొత్త కారుండేది. దాని వెనక చేప తోకలా రెండు రెక్కలు, పక్కల తళతళలాడే స్టీలు బద్దలు. మాకూ అలాంటిదుంటే నాకూ నలుగురు స్నేహితులు దొరుకుతారని నా నమ్మకం. ఇక చుట్టాలు వచ్చినప్పుడల్లా అదే పాట. ఆవిడే లేకపోయాక ఇద్దరు పట్టే కారెందుకు, కోయించి వెనక సీటు కట్టించు, పైన కప్పు వేయించు, పదిమందికీ పనికొస్తుంది అని. పెదనాన్న ఊఁ కొట్టి ఊరుకునేవాడు.

మా వైపు దసరా వస్తోందంటే బండి ఉన్న ప్రతివాడూ ఆయుధపూజకి దాన్ని పెళ్ళికూతుర్ని చేస్తాడు. కొత్త రంగులు, అద్దాలకి కుచ్చులు, బంపర్లకి గొలుసులు. ఆ ఏడు చెవిలో జోరీగల పోరు పడలేక కాబోలు, పెదనాన్న సరే మార్పించేస్తానన్నాడు. నేను ఎగిరి గంతేసి, రెక్కలు కూడా పెట్టించమన్నాను. ఆయన, అయితే నువ్వూ రా అన్నాడు. అప్పుడు కూడా నన్ను రిక్షా ఎక్కించి, కారులో తనొక్కడే వచ్చాడు.

హైదరాబాదు రోడ్డు మీద లారీలకి బాడీలు కట్టే షెడ్డది. వెనక ఆవరణలో పాత కార్లు బోలెడు పడున్నాయి. వాటిని చూసి వచ్చి ఎలా ఉన్నాయో చెప్పమన్నాడు. ఒకదానికి ముందు పళ్ళికిలించినట్టు ఇనుప చట్రం. ఒకదానికి అద్దం పైన టోపీ అంచు. ఒకదానికి అచ్చం డాక్టరు గారి కారుకున్నట్టే రెక్కలు, తుప్పుపట్టి వేలాడుతున్నాయి. నేను నవ్వుకుంటూ వచ్చాను.

"అన్నీ ముసలి వేషాలే పెదనాన్నా."

"ముసలివని ఎట్లా తెలిసింది?"

"ఆ పళ్ళూ, ఆ టోపీ, ఆ రెక్కలూ చూస్తే తెలియట్లా?"

"కొత్తగా కనపడాలనే అవి తగిలించారమ్మా. అందుకే ముందు అవే పాతబడ్డాయి."

తర్వాత భుజం మీది కండువా తీసి నా కళ్ళకి కట్టాడు. నా అరచెయ్యి మా కారు ముందు దీపం మీద పెట్టి, వెనక దాకా నడిపించమన్నాడు. చక్రం దగ్గర రేకు భుజంలా పైకి లేచింది, మళ్ళీ మెల్లగా దిగింది, సీటు దాటి వెనక్కి జారింది. ఎక్కడ ఆగావని అడిగాడు. తలుపు పిడి దగ్గర అన్నాను. "అది ఆగడానికే ఉంది" అన్నాడు. చక్రం ఉంది కాబట్టి అక్కడ ఎత్తు, ఇంజను ఉంది కాబట్టి ముందు పొడుగు. ఊరికే ఉన్నదంటూ ఏదీ లేదని, అందుకే ఇది చూడగానే దీని వయసు చెప్పలేరని చెప్పాడు. ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

నేను కండువా విప్పుకునేసరికి షెడ్డు మేస్త్రీ సుద్దముక్కతో వచ్చి, సీట్ల వెనక అడ్డంగా గీత గీస్తున్నాడు. "ఈ రెండూ పీకేసి, ఇక్కణ్ణించి కోసేస్తామండి, షావుకారు గారూ. బల్ల సీటు వేస్తే ఇంటిల్లిపాదీ పడతారు." పెదనాన్న తల ఊపాడు కాని మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు అప్పుడర్థమైంది, ఆయన ఆ పక్క సీటు ఇన్నాళ్ళూ ఎవరి కోసం ఉంచాడో. నాకు ఏడుపొచ్చింది. అరచేత్తో ఆ గీత తుడిచేశాను.

"వద్దు పెదనాన్నా. మనమూ ఇద్దరమేగా, సరిపోతుంది."

ఆయన మేస్త్రీకి ఏదో సర్దిచెప్పి పంపేసి, వచ్చి ఆ పక్క తలుపు తీశాడు. కూర్చో అనలేదు. తలుపు తీసి నిలబడ్డాడు, అంతే. నందిగామ దాకా వెళ్ళొచ్చాం. దారి పొడుగునా గాలికి కళ్ళు మండుతున్నాయన్నట్టు ఆయన మాటిమాటికీ తుడుచుకున్నాడు.

దసరా రోజున ఆ కారుకి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. సాయంత్రం అన్నీ తీసేసి నా చేతే కడిగించాడు. పండగ సోకు పండగతో పోవాలి, మేకు కొట్టి బిగిస్తే పండగ పోయి మేకు మిగులుతుంది అన్నాడు.

ఇప్పుడు మా మరిది మనవడు ఫోనులో కొత్త స్పోర్ట్స్ కార్లు చూపించి ఏది బాగుందో చెప్పమంటాడు. దీపాలు చూస్తే కోపంగా గుడ్లురుముతుంటాయి, పక్కల గాలి దూరని దొంగ కన్నాలు. నీకు పెళ్ళయ్యేసరికి ఇవి ముసలివైపోతాయిరా అంటే నవ్వుతాడు. నవ్వనీ. వాడు వెళ్ళాక ఇల్లు మళ్ళీ బోసిపోతుంది. మా ఆయన పోయినప్పుడు చుట్టాలంతా ఆయన గది అద్దెకివ్వమన్నారు, కుర్చీ ఎవరికైనా ఇచ్చేయమన్నారు, ఏదో ఒక సందడి పెట్టుకోమన్నారు. నేను వినలేదు. ఆ రోజు మా పెదనాన్న ఆ సీటు పీకించి ఉంటే నేనెక్కడ కూర్చునేదాన్ని? ఖాళీని ఖాళీగా ఉంచుకోవడం కష్టమే, రోజూ కష్టమే. కాని ఎవరైనా వస్తే కూర్చోవడానికి చోటుంటుంది.