పడవ ముడి

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ లేదనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ల వయసు అలాంటిది. జార్జి టౌన్‌లో పడవలకు తాళ్లు అమ్మే కొట్టులో చేరి మూడు నెలలైంది. ఉద్యోగం ఖాయమో కాదో ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక చెబుతానన్నాడు యజమాని. (ఆయన్ని అందరం ముదలాళి అనేవాళ్లం, ఎదురుగా వణుకుతూ, వెనక నవ్వుతూ.) వీధి జెండా పండగ ఏటా మా కొట్టు ముందే. జెండాలో పూలు చుట్టి ముడివేసే పని మిలిటరీ తాతది. ఎదురింటి రిటైర్డ్ హవల్దారు ఆయన. ఆ ఏడు నేను అడ్డం పడ్డాను. "మా తాత రాయపురంలో పడవ నడిపినోడు. ముడులు నాకు చెప్పాలా తాతా?" అన్నాను. ఆయన నవ్వి తాడు నా చేతికిచ్చాడు. (అప్పుడే అనుమానించాల్సింది.)

వేశాను, తుఫానొచ్చినా ఊడని పడవ ముడి. జెండా స్తంభం చివరికి ఎక్కింది. వీధంతా లేచి నిలబడింది. ముదలాళి తాడు లాగాడు. జెండా విచ్చుకోలేదు. మళ్లీ లాగాడు. ఆ ముడి గుణమే అంత, లాగేకొద్దీ బిగుసుకుంటుంది. ముదలాళి చొక్కా చెమటతో తడిసింది. నా ఉద్యోగం కూడా ఆ మూటలోనే ఇరుక్కుందని తెలిసి, తల పైకెత్తి అలాగే నిలబడిపోయాను.

"ఇంగ లాగొద్దు సార్, దించుదాం," అన్నాడు మిలిటరీ తాత. "దించేది తప్పు కాదు. నేల తాకితేనే తప్పు." రెండు చేతులూ చాచి పసిబిడ్డను అందుకున్నట్టు జెండాను అందుకున్నాడు. నేను ముడిని గోళ్లతో పీకాను. పళ్లతో లాగబోతే తాత చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. చివరికి మా తాత చేసినట్టు మెలికను వెనక్కి నెడితే వదులైంది. "ఈడ పడవ ముడి వద్దమ్మా. బూటు లేసుకు వేస్తావే, అది చాలు," అని మెల్లగా చెప్పి, మళ్లీ నాచేతే వేయించాడు.

ఈసారి ఒక్క లాగుకే జెండా విచ్చుకుంది. పూలన్నీ ముదలాళి బట్టతల మీద రాలాయి. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. జాతీయ గీతం ఆ రోజు నా అంత గట్టిగా ఎవరూ పాడి ఉండరు. మిఠాయిలు పంచుతూ ముదలాళి నా దగ్గర ఆగి, "మన తాడు తెగలా, నీ ముడి ఊడలా. ఆ తాడు ఏ రకమని ఇద్దరు పడవలోళ్లు అప్పుడే అడిగినారు. రేపు తొమ్మిదికి వచ్చెయ్యి," అన్నాడు.

ఇప్పుడు మిలిటరీ తాత లేడు, జెండా ముడి నేనే వేస్తున్నాను. ముందురోజే పదిసార్లు వేసి ఊడదీసుకుంటాను. పూలు రాలేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాను. రాలాక మాత్రం, అన్నీ తెలుసనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ ధైర్యంలో పావు వంతు ఇప్పుడుంటే ఎంత బాగుండేదో.