స్టూలమ్మ

ఆ వార్డు నర్సమ్మ డ్యూటీలో కూర్చోగా చూసినవాళ్లు లేరు. నిలబడే సూది వేసేది, నిలబడే కసిరేది, టీ కూడా నిలబడే తాగేది. అలాంటి మనిషిని ఆస్పత్రివాళ్లు శిక్షణకు పంపారు. నయం కాని జబ్బులవాళ్లను నొప్పి లేకుండా ఎలా చూసుకోవాలో అక్కడ నేర్పారు. ముందు మంచం పక్కన కూర్చోవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి అని అక్కడి డాక్టరమ్మ నూరిపోసింది. ఆ మాట నర్సమ్మ మనసుకు పట్టేసింది. తిరిగొచ్చీ రాగానే స్టోరు గదిలో మూలపడి ఉన్న ఇనప స్టూలు బయటికి లాగి, దుమ్ము దులిపి పని మొదలుపెట్టింది.

ఆమె పక్కన కూర్చున్న మొదటి మనిషి వారం తిరక్కుండానే పోయాడు. తర్వాతి ఆవిడా పోయింది. ఆ తర్వాతి ముసలాయనా అంతే. పోయేవాళ్ల దగ్గరే కూర్చుంటే పోక ఏం చేస్తారు? కానీ వార్డు లెక్క వేరు. స్టూలు ఎవరి పక్కన పడితే వాళ్లకు నూకలు చెల్లినట్టేనని గుసగుసలు మొదలయ్యాయి. స్టూలమ్మ అని పేరు కూడా పెట్టేశారు. ఆమె గుమ్మంలో కనబడితే చాలు, మూలుగుతున్నవాళ్లు కూడా గప్‌చుప్‌గా ముసుగుతన్ని పడుకునేవారు. నొప్పి ఉందా అంటే ఎవరికీ లేదు.

కిటికీ దగ్గరి మంచం మీది టైలరు అందరికంటే మొండి. పొట్టలో గడ్డ వెన్నుకు పాకింది. అరుపు బయటికి రాకుండా కొరికీ కొరికీ తలగడ గలీబుకు చిల్లులు పెట్టాడు. అడిగితే మాత్రం నొప్పి లేదంటాడు, మార్ఫిన్ మందు తెస్తే మూతి బిగిస్తాడు. అతని చూపంతా స్టూలు మీదే. ఒకనాడు అతని భార్య వరండాలో నర్సమ్మ చేతులు పట్టుకుంది.

"మీకు దణ్ణం పెడతానమ్మా. మా ఆయన దగ్గర మాత్రం కూర్చోకండి."

ఆ సాయంత్రం ఇంట్లో కూతురికి జ్వరం. మంచం మీద కూర్చోబోయి టక్కున ఆగిపోయింది. పిల్ల నుదురు నిలబడే తడిమింది. చదువుకున్నదాన్ని, నాకీ పిచ్చేమిటి అని తిట్టుకుంది గానీ కూర్చోలేకపోయింది.

శిక్షణ ఇచ్చిన డాక్టరమ్మ వారానికోసారి ఫోన్ చేసి మంచీచెడూ అడుగుతుంది. ఈసారి నర్సమ్మ అంతా చెప్పి బావురుమంది. డాక్టరమ్మ ఒకటే అడిగింది.

"బతికేవాళ్ల దగ్గర ఎప్పుడైనా కూర్చున్నావా?"

మర్నాడు నర్సమ్మ స్టూలు తీసుకెళ్లి, కాలు విరిగి చేరిన లారీ డ్రైవరు పక్కన వేసింది. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇవాళ నేను ఇంటికెళ్తున్నాను కదా సిస్టర్ అని గొణిగాడు. వెళ్లాడు కూడా. కట్టు మార్పించుకోవడానికి కర్రల మీద మళ్లీ వచ్చినప్పుడు, వార్డులోకి తొంగిచూసి తాను నిక్షేపంలా ఉన్నానని చాటింపు వేసి మరీ పోయాడు.

ఆ మధ్యాహ్నం టైలరు నర్సమ్మను తనంతట తానే పిలిచాడు. స్టూలు తెమ్మన్నాడు. నొప్పి భరించలేకపోతున్నానని మొదటిసారి ఒప్పుకున్నాడు. తర్వాత ఆమె కళ్లలోకి చూశాడు.

"డ్రైవరుకు ఏమీ కాలేదుగా. అయితే నాకూ ఏమీ కాదన్నమాటేగా?"

ఊఁ అంటే సరిపోయేది. వార్డంతా చెవులు రిక్కించి ఉంది.

"జబ్బు పోదయ్యా. నొప్పి తగ్గిస్తాను. ఇక్కడే ఉంటాను."

అతను బిగించిన మూతి విప్పి, మందు కోసం నోరు తెరిచాడు. ఆమె మందు పోసింది. ఒక చుక్క దుప్పటి మీద పడింది. కాసేపటికి అతని దవడలు వదులయ్యాయి, కళ్లు మూతపడ్డాయి. ఊపిరి ఆడుతోందా లేదా అని ఆమె రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే భార్య వచ్చింది. మంచం పక్కన స్టూలు చూసి గుమ్మంలోనే నిలువునా కొయ్యబారిపోయింది. నిద్రపోతున్నాడని నర్సమ్మ చెప్పినా నమ్మలేదు. దగ్గరికొచ్చి, అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. వెచ్చగా తగిలింది. ఆమెకు చోటిద్దామని నర్సమ్మ లేవబోయింది.

భార్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేవకండమ్మా. మీరు లేస్తే నాకు భయం."