వకీలు ఫీజుకు చీరలు

కేసు ఖర్చులు ఇప్పించండి మహాప్రభో అని నేను రాసిన అర్జీకి పన్నుల ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. డబ్బు రాలేదు, ఇంకో నోటీసు వచ్చింది. గెలిచిన కేసును ఒక్క అర్జీతో రెండు కేసులు చేసిన ఘనుణ్ని నేనే. వినండి.

మా చిన్నాయనది ఎమ్మిగనూరులో రెండు మగ్గాల బతుకు. పక్కింటివాళ్లు నేసిన చీరలు కూడా ఆయనవేనని లెక్కగట్టి అధికారులు పన్ను వేశారు. ఆదోని వకీలును పెట్టుకుని ఆయన గెలిచాడు. ఖర్చులు ప్రభుత్వమే ఇవ్వాలని తీర్పు కూడా వచ్చింది. అయితే నూలు కోసం అమ్ముకోవాల్సిన చీరలన్నీ వకీలింటికి పోవడంతో రెండో మగ్గం ఆగిపోయింది. ఆ సొమ్ము వస్తే మళ్లీ ఆడించాలని ఆయన ఆశ.

అప్పుడు నేను ఆదోనిలో కొత్త విలేకరిని. పేపర్లో రెండుసార్లు పేరు పడేసరికి కలెక్టరు నన్నడిగే సంతకం పెడతాడన్నంత ధీమా.

"అర్జీ నేను రాస్తా. నువ్వు మగ్గం దుమ్ము దులుపుకో చిన్నాయనా. ఫీజు రసీదు యాడుంది?"

"రసీదెందుకుంటాదప్పా? వాయిదాకొక చీర ఇస్తి. మనోళ్లంతా అంతే గదా!"

నిజమే. చేతిలో డబ్బు ఆడనప్పుడు మావాళ్లకు చీరే ఫీజు.

"ఆ సంగతి రాయొద్దురా. ముందు వకీలునొక మాట అడుగు" అంది చిన్నమ్మ, నూలు కండెలు చుడుతూనే.

"నిజం రాయడానికి వకీలెందుకు చిన్నమ్మా?"

ఆ మాట నాకే ఎంత ముద్దొచ్చిందంటే, ఇచ్చిన చీరలన్నీ రంగులతో సహా రాసేశాను. నెమలికంఠం, ఉల్లిపొర, పసుపు... అర్జీ కాస్తా పెళ్లి జవుళి చిట్టా అయింది.

ఇక నోటీసు సారాంశం: ఫీజు కింద చీరలిస్తే అమ్మినట్టే. ఆ అమ్మకాలు లెక్కల్లో ఎందుకు చూపలేదు?

"దొంగను పట్టియ్యనీకి పోలీసులు కావల్ల. నన్ను పట్టియ్యనీకి నువ్వొక్కడివే సాలు గదప్పా!" అన్నాడు చిన్నాయన. అంతే, తిట్టలేదు. చిన్నమ్మ నా ముఖం చూసి, "తెగిన పడుగు దారం మాదిరి ఉండావు. తిని పో" అంది. తిట్టినా బాగుండేది.

ఇద్దరం ఆదోనిలో వకీలింటికి పోయాం. ఆయన నోటీసు చదివి కళ్లజోడు తీశాడు. "జవాబు నేనిస్తాలే. ఆ అర్జీ రాసినోడు మాత్రం కలం ముట్టకూడదు."

"మరి ఫీజు, సార్?" చిన్నాయన నసిగాడు.

వంటింట్లోంచి వకీలు భార్య గొంతు: "ఈసారి వంకాయ రంగు తెమ్మనండి!"

ఆదోని బస్టాండులో, ఎమ్మిగనూరు బస్సు సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఎవరి అర్జీ రాయను, అందులో ఎంత నిజమున్నా సరే.

ప్రమాణం నిలిచింది. ఖర్చుల సొమ్ము ఇంకా రాలేదు, రెండో కేసు తేలలేదు. వంకాయ రంగు చీర మొదటి మగ్గం మీదే నేశారు. రెండో మగ్గానికి ఈరోజుకీ పడుగు ఎక్కలేదు.