కడిగి ఇచ్చిన ఫోల్డరు

మొన్న మా ఊరి ఝపటాపూర్ బజారులో రిపేరు దుకాణం అబ్బాయి ఒక పాత కంప్యూటరు మూత విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఛార్జరు కొందామని వెళ్లినదాన్ని అక్కడే నిలబడిపోయాను. "క్యా హువా, దీదీ?" అన్నాడతను. నాగరత్నం అత్త కంప్యూటరు ఉండే ముందుగది వాసన అది.

అత్త మాకు చుట్టం కాదు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా పక్కవాటా. తెలుగు టీచరుగా రిటైరయింది. మా నాన్నను తమ్ముడూ అని పిలిచేది కాబట్టి నాకు అత్త. అమ్మ పోయాక మా వంటింటి మీద సగం పెత్తనం ఆవిడదే. ఇంటర్నెట్ మా ఇంట్లోనే ఉండేది. గోడ మీదుగా కేబుల్ లాగి ఆవిడ కంప్యూటరుకు కలిపాను. నా కంప్యూటర్లో ఒక ఫోల్డరు ఇద్దరికీ కనబడేలా, ఇద్దరం వాడుకునేలా పెట్టాను. నేనేదో సినిమా దించుకుంటుంటే ఆవిడకు పేపరు తెరుచుకునేది కాదు. "ఏటే అమ్మడూ, నెట్టంతా నువ్వే తాగేస్తన్నావా? నాకో గుక్క ఒదులు!" అని గోడ అవతల నుంచి కేకేసేది.

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. గొంతులో క్యాన్సరని తేలింది, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేస్తామన్నారు. ఆసుపత్రిలో చేరేదాకా నాన్న చెప్పిన కథలన్నీ ఫోన్‌లో రికార్డు చేశాను. పలాస దగ్గరి పల్లె నుంచి వస్తూ తాత వేరే స్టేషన్‌లో దిగిపోవడం, కొత్త పెళ్లికూతురుగా వచ్చిన అమ్మ పూరీ గేట్ దగ్గర రిక్షా దిగనని మొండికేయడం, ఇలాంటివే. ఆపరేషన్ అయింది. నాన్న బతికాడు, మాట పోయింది. ఫోన్‌లో చోటు చాలక అన్నిటినీ ఆ ఫోల్డర్లోకి మార్చాను. ఇక నాన్న గొంతంటే అదే. ఆదివారాలు గుడిలో పిల్లలకు చెప్పాలని అత్త ఆ కథలను మళ్లీ మళ్లీ వినేది.

మా క్వార్టర్లలో పక్కింటి గిన్నెను తోమకుండా తిరిగి ఇవ్వడం మహా తప్పు. అత్త ఫోల్డరునూ అలాగే చూసింది. తనకు కనబడేది తనకొచ్చిన వాటా అనీ, అసలుది మా ఇంట్లో భద్రంగా ఉంటుందనీ అనుకుంది. వినడం అయిపోయాక, గిన్నె కడిగి ఇచ్చినట్టు, మొత్తం తుడిచేసింది. అలా పక్కింటి నుంచి తుడిచినవి కంప్యూటరు చెత్తబుట్టలోకైనా రావు. పోతే పోయినట్టే.

ఖాళీ ఫోల్డరు చూసి కంప్యూటరంతా వెతికాను. వైరస్సే అయి ఉంటుందని కంప్యూటరును తిట్టిపోస్తుంటే అత్త గుమ్మంలోకి వచ్చింది. "వైరస్సూ కాదు, ఏటీ కాదు. నేనే తుడిసేసినాను," అంది. ఆవిడ చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. నేను నోటికొచ్చినట్టల్లా అన్నాను. ఆవిడ అన్నీ పడి, నేరుగా నాన్న మంచం దగ్గరకు వెళ్లింది.

"తమ్ముడూ, నీ గొంతు నేనే పోగొట్టినాను. నువ్వేటి సేసినా పడతాను."

నాన్న మంచం మీద కాస్త పక్కకు జరిగి, అక్కడ కూర్చోమన్నట్టు చేత్తో తట్టాడు. ఆవిడ కూర్చుని కళ్లు తుడుచుకుంది. "నువ్వు సెప్పినవన్నీ నాకు నోటికొచ్చు. తప్పయితే సెయ్యెత్తు. అమ్మడూ, ఆ ఫోన్ ఇలా పెట్టు."

అలా మొదలైంది. నాన్న ఎక్కడ ఆగేవాడో అక్కడే ఆగింది, ఎక్కడ నవ్వేవాడో అక్కడే నవ్వింది. ఒక్క మాట అటూ ఇటూ అయితే నాన్న చెయ్యెత్తేవాడు, అత్త "అవునవును, ఉండు," అని వెనక్కి వెళ్లి సరిచేసుకునేది. కథలన్నీ అయ్యేదాకా రోజూ వచ్చింది. అమ్మ రిక్షా కథ చెబుతున్నప్పుడు నాన్న పెదవులు ఆవిడ మాటలతో పాటే కదలడం చూశాను. నా కోపం మొత్తం పోయిందని అబద్ధం చెప్పను. పోయిన గొంతు పోయిందే. కానీ నాన్న ముఖంలో ఆ వెలుగు ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆఫీసులో ఏదైనా పాడైతే అందరూ మిషన్‌దే తప్పంటారు. తప్పు నాదైతే ఎవరూ అడగకముందే నాదని చెప్పేస్తాను. అందుకు మాటలు కూడా పడ్డాను, పోనీ.

తాతయ్య ఎలా మాట్లాడేవాడని ఈమధ్య మా అమ్మాయి అడిగింది. ఆ రికార్డింగు పెట్టాను. కాసేపు విని, "అమ్మా, ఇది ఎవరో ఆడమనిషి గొంతు కదా?" అంది.

"అవునే. మీ తాతయ్యే మాట్లాడుతున్నాడు, విను," అన్నాను.